సొంతంగా సేవా సంస్థ పెట్టుకోవాలా, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌లోనే చేరాలా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. తనూ, ఇంకో నలుగురు స్నేహితులూ కలిసి ఒక సేవా సంస్థ పెట్టి రిజిస్టర్ చేయించాలనుకుంటున్నారు. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉంది కానీ "అది ఉత్త సర్టిఫికెట్ కోసమే" అని సీనియర్లు చెప్పారట. ఇంట్లోవాళ్లు ఊళ్లకు పంపడానికి భయపడుతున్నారు. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉంటుందా అని కూడా అడిగింది.

నేను వరంగల్ వైపు డిగ్రీ కాలేజీల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, అందులో ఎక్కువ కాలం ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా కూడా ఉన్నాను. నా పిల్లల కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకమ్మా.

సూటిగా చెప్తే: సంస్థ రిజిస్టర్ చేయించొద్దు. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరండి, మీ అయిదుగురూ కలిసే చేరండి. చేరాక అన్ని పనుల్లో తలా ఒక చెయ్యి వేయకుండా ఒక్క పని పట్టుకోండి. మీరు ఫైనలియర్‌కు వచ్చేలోపు దాన్ని జూనియర్లకు అప్పజెప్పండి. ఇది ఎందుకో, ఎలాగో చెప్తాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే మన రాష్ట్రంలో 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, అంటే మీరు ఇప్పుడే ఇద్దరు తక్కువ. సరే, ఇంకో ఇద్దరిని పట్టుకొస్తారు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఏటా కమిటీ జాబితా దాఖలు చేయడం, లెక్కలు ఆడిట్ చేయించడం, ఇవన్నీ ఎవరు చేస్తారు? ఇంకో ఏడాదిన్నరలో మీలో ఒకరు గ్రూప్స్ కోచింగ్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్ వెళ్తారు, ఒకరు పీజీకి వెళ్తారు, ఒకరికి పెళ్లి కుదురుతుంది. బైలాస్ ఉన్న ఫైలు ఎవరింట్లో ఉందో కూడా ఎవరికీ గుర్తుండదు. ఇట్లా మిగిలిపోయిన సంస్థల రబ్బరు స్టాంపులు నా దగ్గర పని చేసిన పిల్లల ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. చదువు అయిపోయాక ఇదే ఊళ్లో స్థిరపడి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు పెట్టండి, నేనే వచ్చి సంతకం పెడతాను.

ఎన్‌ఎస్‌ఎస్ అంటే ఏమిటో నీకు తెలిసే ఉంటుంది కానీ చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. గాంధీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబర్ 24న, 37 యూనివర్సిటీల్లో 40 వేల మందితో మొదలైంది. ఒక యూనిట్‌లో మామూలుగా 100 మంది వలంటీర్లు, వాళ్ల మీద ఒక లెక్చరర్ ప్రోగ్రాం ఆఫీసర్, అదే మనం పీఓ అంటాం. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు పని చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు చేయాలి. అప్పుడే సర్టిఫికెట్. డబ్బు కేంద్రం నుంచి వస్తుంది, ఎక్కువేమీ రాదు, వచ్చేది కూడా ఆలస్యంగా వస్తుంది, అప్పటిదాకా పీఓ జేబులోంచే టీలు, బస్సు కిరాయిలు.

మరి ఎందుకు చేరాలి అంటే, ఒక కాగితం కోసం. సర్టిఫికెట్ సంగతి కాదు నేను చెప్పేది, ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉండే ఉత్తరం. అయిదుగురు పిల్లలు వెళ్లి ఒక సర్కారు హాస్టల్ గేటు ముందు నిలబడి "మేం సేవ చేయడానికి వచ్చాం" అంటే వార్డెన్ లోపలికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా, లోపల ఉన్నది చిన్నపిల్లలు. అదే ఉత్తరం చేతిలో ఉంటే కూర్చోబెట్టి మాట్లాడతారు. హెచ్‌ఎం అయినా, పంచాయతీ కార్యదర్శి అయినా, బ్లడ్ సెంటర్‌లో మెడికల్ ఆఫీసర్ అయినా అంతే. రేపు పొద్దున ఎవరికైనా దెబ్బ తగిలితే, ఎవరైనా ఒక మాట అంటే, మీ వెనక కాలేజీ ఉంటుంది.

ఇక "సర్టిఫికెట్ కోసమే" అన్న మాట. సగం నిజమే, కాదనను. రిజిస్టర్‌లో సంతకం, ఫ్లెక్సీ ముందు ఫొటో, సమోసా, ఇంటికి. ఇదే యూనిట్ జీవితంగా నడిచే కాలేజీలు ఉన్నాయి. కానీ నేను చూసినంతలో ఏ యూనిట్ అయినా నిజంగా పని చేసిందంటే అది ముగ్గురు నలుగురు గట్టి వలంటీర్ల వల్లే. పీఓ కూడా రోజూ క్లాసులు చెప్పుకుంటూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండే మనిషే కదా. నీలాంటివాళ్లు ఒక అయిదుగురు వచ్చి "సార్, ఈ పని మేం చూసుకుంటాం, మీరు ఉత్తరం ఇప్పించండి చాలు" అంటే ఏ పీఓ కూడా వద్దనడు. అసలు మీరు సంస్థ పెట్టి చేద్దామనుకున్న పనే ఎన్‌ఎస్‌ఎస్ పేరుతో చేసుకోవచ్చు.

ఏ పని పట్టుకోవాలి? ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. నేను పిల్లలకు చెప్పే కొలతలు రెండే. ఒకటి, ఆ పనికి ఏటా ఒక సీజన్ ఉండాలి, ఉంటేనే మీరు వెళ్లిపోయినా ఆ నెల రాగానే ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఈసారి వస్తున్నారా?" అని అడుగుతారు. రెండు, అది మీకు చేతనైన పని అయి ఉండాలి. ఊడవడం మీకంటే ఊరివాళ్లకే బాగా వచ్చు.

ఊడవడం అంటే గుర్తొచ్చింది. ఒక క్యాంపులో మా పిల్లలు బడి ముందు వీధంతా పొద్దున్నే చీపుర్లతో ఊడుస్తున్నారు. అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతున్న ఒక అవ్వ కాసేపు చూసి, "మంచిగనే ఊడుస్తున్రు బిడ్డా, మరి వచ్చే ఆయితారం ఎవరు ఊడుస్తరు?" అంది. పిల్లలు నవ్వేశారు. తర్వాత వాళ్లలో ఒకడు ఆమె పక్కనే కూర్చుని మాట్లాడితే తేలిందేమిటంటే, ఆమె మనవరాలు ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుంది, డిగ్రీలో సీటు వచ్చింది కానీ "ఏదో తేదీ" దాటిపోయిందట.

ఆ ఏదో తేదీ అంటే దోస్త్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్. దోస్త్ అంటే మన రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పద్ధతి, 2016 నుంచి అడ్మిషన్లు చాలావరకు దాని ద్వారానే కదా. సెల్ఫ్ రిపోర్టింగ్ అంటే వచ్చిన సీటులో చేరుతున్నామని అందులోనే ఖాయం చేసుకోవడం. నీకు అది పది నిమిషాల పని. ఊళ్లో మొదటిసారి డిగ్రీకి వెళ్తున్న పిల్లకు అది పది అడ్డంకులు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉండాలి, అది నాన్న పాత నంబరు, సిమ్ ఎప్పుడో పోయింది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో పెట్టాలి, అవి చేతికి రావడానికి రోజులు పడుతుంది, ఇంటర్ ఫలితాలు వచ్చాక పరుగెత్తితే అక్కడ అప్పటికే లైన్. వెబ్ ఆప్షన్లు ఒకటో రెండో పెట్టి వదిలేస్తారు, సీటు రాకపోతే "మన రాత" అనుకుంటారు. సీటొచ్చినా మెసేజ్ పొలంలో ఉన్న నాన్న ఫోన్‌కు పోతుంది, ఆయన చూడరు, సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు దాటిపోతుంది, సీటు పోతుంది.

ఆ మరుసటి ఏడాది నుంచి మా యూనిట్ ఆ పని పట్టుకుంది. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోగానే దత్తత గ్రామంలోనూ పక్కనున్న రెండు మూడు ఊళ్లలోనూ సెకండియర్ రాసినవాళ్ల జాబితా తీసేవాళ్లు. ఎవరి ఫోన్ ఆధార్‌కు లింకు లేదో చూసి ముందు అది చేయించడం. ఏప్రిల్‌లోనే ఆదాయం సర్టిఫికెట్‌కు పెట్టించడం. ఫలితాలు వచ్చాక పంచాయతీ ఆఫీసులో ఒక బల్ల, రెండు ఫోన్లు, ఒక నోట్‌బుక్. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు తల్లిదండ్రులను పక్కనే కూర్చోబెట్టేవాళ్లు, ఎందుకంటే "బస్సు ఏ కాలేజీకి ఉంది, హాస్టల్ ఎక్కడుంది" అన్నది వాళ్లకే తెలుసు. మావాళ్లు ఎంచి పెడితే ఆ పిల్ల చేరదు. సీటు అలాట్ అయిన రోజు నోట్‌బుక్ ముందు పెట్టుకుని ప్రతి ఒక్కరికీ ఫోన్. ఆ ఫోన్ చేయడమే అసలు పని, మిగతాదంతా మీసేవవాళ్లు కూడా చేస్తారు. చేరాక ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా అదే నోట్‌బుక్‌తో నడిచేది. ఒక్క జాగ్రత్త: ఓటీపీలు, ఆధార్ జిరాక్సులు మీ దగ్గర ఉంచుకోవద్దు, పని కాగానే వాళ్ల ఎదురుగానే తిరిగి ఇచ్చేయాలి, ఫోన్‌లో తీసిన ఫొటోలు చెరిపేయాలి.

రెండోది, రక్తం. రక్తదాన శిబిరాలు మన దగ్గర కొదవలేదు, నాయకుడి పుట్టినరోజుకొకటి, వర్ధంతికొకటి. ఒకే రోజు కుప్పలుగా వస్తుంది, ఎర్రకణాలు పద్ధతిని బట్టి 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు అయితే అయిదు రోజులే. కొరత వచ్చేదెప్పుడు? మేలో, కాలేజీలు మూసేసి, పిల్లలు ఊళ్లకు పోయి, ఎండకు ఎవరూ బయటికి రాని రోజుల్లో. మళ్లీ వానాకాలంలో డెంగీ జ్వరాలకు ప్లేట్‌లెట్ల కోసం పరుగులు. ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్ల నుంచి రోగులను తీసుకుని వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వచ్చేవాళ్లకు ఇక్కడ తెలిసినవాళ్లే ఉండరు. తలసేమియా పిల్లలకైతే రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్లకు ఎండాకాలం సెలవులు లేవు.

కాబట్టి శిబిరం కంటే జాబితా ముఖ్యం. పేరు, గ్రూపు, బరువు, చివరిసారి ఇచ్చిన తేదీ, సెలవుల్లో వరంగల్‌లోనే ఉంటారా లేదా. ఈ చివరి గడి ఎవరూ పెట్టరు, మేలో పనికొచ్చేది అదే. 18 ఏళ్లు నిండాలి, కనీసం 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. మన అమ్మాయిల్లో చాలామంది ఆ 12.5 దగ్గరే ఆగిపోతారు, ముఖం చిన్నబుచ్చుకుని వెనక్కి వస్తారు. వాళ్లను వదిలేయకుండా ఇంకో జాబితా రాసుకోండి, డాక్టరుకు చూపించి మాత్రలు వాడాక మళ్లీ పరీక్ష చేయించండి. నా ఉద్దేశంలో రక్తదాన శిబిరం వల్ల ఒక ఆడపిల్లల హాస్టల్‌కు జరిగే పెద్ద మేలు ఇదే. ఇంకో మాట, దాతల నంబర్లు నేరుగా రోగి బంధువులకు ఇవ్వొద్దు, బ్లడ్ సెంటర్ ద్వారానే నడపండి. డబ్బుకు రక్తం ఇవ్వడం దేశంలో 1998 నుంచి నిషేధం. అయినా ఆస్పత్రి గేటు దగ్గర బేరాలాడే మధ్యవర్తులు ఉంటారు, మీ జాబితా వాళ్ల చేతిలో పడకూడదు.

మొక్కలు నాటడం గురించి కూడా అడుగుతారు. జులైలో నాటడం సులువు, ఏప్రిల్‌లో నీళ్లు పోసే మనిషి పేరు చెప్పగలిగితేనే నాటండి. ఓటరు నమోదు మంచి పని, తేలిక కూడా, ఫారం 6 నింపించడమే, ఇప్పుడు 18 ఏళ్లు నిండాయా అని చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగున్నాయి కాబట్టి జనవరి దాకా ఆగనక్కర్లేదు.

వరదలొచ్చినప్పుడు ఏం చేయాలన్నది వేరే సంగతి, దానికి సీజన్ చెప్పి రాదు. 2023 జులై చివర్లో మన దగ్గర కాలనీలు మునిగినప్పుడు, అటు భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు కొట్టుకుపోయినప్పుడు, ఊళ్లో ప్రతి సంఘమూ పాత బట్టలు, పులిహోర పొట్లాలు పట్టుకుని బయల్దేరింది. మొదటి రెండు రోజులు తిండి కావాలి, నిజమే. మూడో రోజుకు పులిహోర పొట్లాలు గోడ పక్కన పడి ఉన్నాయి, పాత బట్టలు బురదలో తొక్కుతున్నారు. హనుమకొండలో ఒక ఇంట్లోకి మా పిల్లలు బురద ఎత్తడానికి వెళ్తే, ఇంటామె వాళ్ల చేతికి పార ఇవ్వకుండా లోపలి గదిలోకి తీసుకెళ్లింది. మంచం మీద పాత చీర పరిచి, దాని మీద పిల్లల టెన్త్ మెమోలు, భూమి కాగితాలు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ఒకదానికొకటి అంటుకుపోకుండా విడదీసి ఆరబెట్టింది. కరెంటు లేదు, ఫ్యాను లేదు, విసనకర్రతో విసురుతోంది. "గివి పోతే మళ్ల ఎట్ల తెచ్చుకోవాలె?" అన్నదే ఆమె ప్రశ్న. అప్పటి నుంచి మా పిల్లలు సగం మంది బురద ఎత్తారు, సగం మంది ఇంటింటికీ తిరిగి ఎవరివి ఏ కాగితాలు పోయాయో రాసుకుని, డూప్లికేట్‌కు ఎక్కడ దరఖాస్తు పెట్టాలో చెప్పి, అర్జీలు రాసిపెట్టారు. చదువుకున్న పిల్లలు చేయాల్సిన పని అది.

విద్యార్థి సంఘాల మాట నువ్వు అడగలేదు కానీ కాకతీయ యూనివర్సిటీ (కేయూ) ఉన్న ఊళ్లో ఆ మాట రాకుండా ఉండదు. పీడీఎస్‌యూ, ఎస్‌ఎఫ్‌ఐ, ఏఐఎస్‌ఎఫ్, ఏబీవీపీ, ఎన్‌ఎస్‌యూఐ, ఎవరి జెండా వాళ్లది. తెలంగాణ ఉద్యమంలో కాకతీయ యూనివర్సిటీ పిల్లలు ఎట్లా నిలబడ్డారో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసమో, హాస్టల్ మెస్ కోసమో ధర్నా చేసేవాళ్లు చేసేది సేవ కాదని నేను అనను, ఒక్కోసారి ఒక ధర్నాతో కదిలిన ఫైలు మా ఏడాది పనికంటే ఎక్కువ మందికి అన్నం పెడుతుంది. నీకు ఇష్టముంటే అందులోనూ ఉండు. రెండిటినీ ఒకే రోజు, ఒకే బ్యానర్ కింద కలపొద్దు, అంతే. ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జీ పెట్టుకుని వెళ్లిన చోట జెండా కనిపిస్తే మరుసటి వారం ఆ ఊళ్లో అవతలి పార్టీవాళ్ల వాడకట్టు మీకు తలుపు తీయదు.

ఇంట్లోవాళ్ల భయం. వాళ్లది న్యాయమైన భయమే, వాదించకు. పీఓ ఫోన్ నంబరు అమ్మకు ఇవ్వు, వెళ్లే ఊరు పేరు, తిరిగొచ్చే బస్సు టైము ముందురోజే చెప్పు. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లడం, సాయంత్రం అయిదింటికల్లా బయల్దేరడం, ఇవి మా యూనిట్‌లో మగపిల్లలకు కూడా వర్తించేవి. రాత్రి ఉండే క్యాంపుకైతే మహిళా లెక్చరర్ తోడుంటేనే అమ్మాయిలను తీసుకెళ్లేవాళ్లం, అది నువ్వు కూడా అడిగి తీరాలి. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి ఉచిత బస్సు వచ్చాక నేను గమనించిందేమిటంటే, ఊళ్లకు వెళ్లే పనుల్లో అమ్మాయిలే ఎక్కువ కనిపిస్తున్నారు, కిరాయి డబ్బులు లేవని ఆగేది మగపిల్లలే.

డబ్బు విషయంలో కఠినంగా ఉండు. ఎవరి ఫోన్‌పేలోకీ చందాలు వేయించుకోవద్దు, ఎంత మంచి స్నేహితురాలైనా సరే. వీలైనంతవరకు వస్తువుల రూపంలోనే అడగండి, జిరాక్స్ షాపాయన జిరాక్సులు తీసిస్తాడు, కిరాణా కొట్టాయన బియ్యం ఇస్తాడు. తప్పదంటే యూనిట్ ఖాతాలోకే పోవాలి, ఆ రోజు ఖర్చు ఆ రోజే రాసి ఆ కాగితం ఫొటో గ్రూపులో పెట్టాలి. వంద రూపాయల దగ్గర మొదలైన గొడవతో మంచి బృందాలు విడిపోవడం చూశాను. ఫొటోలంటారా, పని ఫొటో తీయండి, తీసుకునేవాళ్ల ముఖం ఫొటో తీయొద్దు. హాస్టల్ పిల్లలకు నోట్‌బుక్కులిస్తూ స్టేటస్ పెట్టుకునే అలవాటు నాకు అస్సలు నచ్చదు.

అప్పగింత గురించి ముందే చెప్పాను, ఎలా చేయాలో చెప్తాను. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి, ఫోన్‌లో గ్రూపు సరిపోదు, ఫోన్ మారితే అన్నీ పోతాయి. అందులో ఎవరిని కలవాలి, వాళ్లు ఏ టైములో దొరుకుతారు, ఏ నెలలో ఏం చేయాలి అన్నవి రాయాలి. మా పిల్లల పుస్తకంలో "వార్డెన్ సార్ మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ ఎత్తరు", "కార్యదర్శికి రెండు ఊళ్ల డ్యూటీ, ముందు ఫోన్ చేసి పోవాలె", "ఈ వాడకట్టుకు శుక్రవారం పోవద్దు, అంగడి" లాంటివి ఉండేవి. ఆ పుస్తకం లేకపోతే జూనియర్లకు ఇవన్నీ తెలిసేసరికి ఆ ఏడాది అయిపోతుంది. డిసెంబర్‌లోనే ఇద్దరు ఫస్టియర్ పిల్లలను ఎంచుకుని ప్రతి పనికీ వెంట తిప్పుకోండి, రెండో సెమిస్టర్‌లో వాళ్లను ముందు నడవనిచ్చి మీరు వెనక ఉండండి.

ఉద్యోగం సంగతి: నేరుగా ఉద్యోగం రాదు. డిఫెన్స్ వైపు ఆలోచన ఉంటే ఎన్‌సీసీలో 'సి' సర్టిఫికెట్ తెచ్చుకో, దానికి సైన్యంలో ప్రత్యేక ఎంట్రీ ఉంది, ఎన్‌ఎస్‌ఎస్‌కు అలాంటిది లేదు. ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌కు ఎంపికైతే గొప్పే కానీ అది కొద్దిమందికి. అయితే ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అంటే "మా దత్తత గ్రామంలో దోస్త్ గడువు దాటకుండా ఇలా చూశాం" అని వివరంగా చెప్పే పిల్లకూ, "సమాజ సేవ చేశాను సార్" అనే పిల్లకూ తేడా అవతల కూర్చున్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది. నేను అటువైపు కూడా కూర్చున్నాను.

ఈ వారంలో చేయాల్సింది: మీ పీఓను కలిసి మూడు అడగండి. దత్తత గ్రామం ఏది, పోయినేడు క్యాంపు రిపోర్టు చూడొచ్చా, ఈ ఏడాది యూనిట్‌లో ఖాళీలు ఉన్నాయా. మై భారత్ పోర్టల్‌లో పేరు నమోదు ఎలాగూ చేయమంటారు, చేసుకోండి. ఖాళీలు లేవంటే నిరాశపడొద్దు, పేరు లేకుండానే మొదటి సెమిస్టర్ పని చేయండి, చేరి రానివాళ్లు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు, మధ్యలో చోటు దొరుకుతుంది. ఇది చదువుతున్న వేరేవాళ్ల కాలేజీలో అసలు యూనిట్టే లేకపోతే, సొంత ఖర్చుతో నడిపే సెల్ఫ్ ఫైనాన్సింగ్ యూనిట్‌కు మీ ప్రిన్సిపాల్ యూనివర్సిటీ ఎన్‌ఎస్‌ఎస్ కోఆర్డినేటర్‌కు రాయవచ్చు. పీఓగా ఉండటానికి ఒప్పుకునే లెక్చరర్‌ను ముందు మీరే వెతికి పెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లండి, లేకపోతే ఆ కాగితం టేబుల్ మీదే ఉండిపోతుంది.